గేటుకు తాళం పడకముందే: అమెరికా ప్రభుత్వ భూముల్లో ఆఫ్‌రోడ్ దారులను నిలబెట్టుకోవడం ఎలా

ఆఫ్‌రోడ్ ట్రైల్ మూతపడిందని చాలామందికి తెలిసేది గేటు ముందు బండి ఆపినప్పుడే. నిర్ణయం మాత్రం అప్పటికి ఎప్పుడో జరిగిపోయి ఉంటుంది. నోటీసు వచ్చింది, కామెంట్లకు గడువిచ్చారు, గడువు ముగిసింది, ఫైలు మీద సంతకం పడింది. ఆ దారిలో ఏళ్ల తరబడి తిరిగినవాళ్లలో ఒక్కరు కూడా దాని నంబరు వేసి ‘ఇది మాకు ఫలానా అవసరానికి కావాలి’ అని రాయకపోతే, ఫైలు లెక్కలో ఆ దారితో ఎవరికీ పని లేదు.

బే ఏరియా, డెన్వర్, ఫీనిక్స్, సియాటిల్ వైపు రాంగ్లరో, ఫోర్‌రన్నరో, టకోమానో కొనుక్కుని శనివారం పొద్దున్నే కొండలెక్కే తెలుగువాళ్ల కోసం ఈ వివరాలు. దారిని కాపాడే పనిలో మూడొంతులు కాగితం పని, ఒక వంతు పార పని. రెండూ నేర్చుకోదగ్గవే, రెండింటికీ పెద్ద ఖర్చు లేదు.

ముందు ఆ నేల ఎవరిదో తేల్చుకోండి

ప్రభుత్వ భూమికి ఒకే యజమాని ఉండడు. ఫారెస్ట్ సర్వీసు వ్యవసాయ శాఖ కింద పనిచేస్తుంది, దాని చేతిలో సుమారు 19.3 కోట్ల ఎకరాలున్నాయి. బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్, అంటే అందరూ బీఎల్ఎం అనేది, ఇంటీరియర్ శాఖ కింద సుమారు 24.5 కోట్ల ఎకరాలు చూస్తుంది. రెంటికీ చట్టం వేరు, మ్యాపు వేరు, అప్పీలు చేసే చోటు వేరు. ఇవి కాక రాష్ట్ర అడవులు, కౌంటీ రోడ్లు. ఒకే ట్రైల్ మొదటి మూడు మైళ్లు కౌంటీ రోడ్డుగా ఉండి, తర్వాత బీఎల్ఎం నేల మీదుగా సాగి, మధ్యలో అర మైలు పాత గని తాలూకు ప్రైవేటు భూమిని దాటి, చివర ఫారెస్టులోకి వెళ్లవచ్చు. ఆ అర మైలే కొంప ముంచుతుంది. నమోదైన ఈజ్‌మెంట్, అంటే ఇతరుల భూమి మీదుగా వెళ్లే హక్కు, లేకపోతే దారి నడిచేది యజమాని మంచితనం మీదే. ఆయన కంచె వేసిన రోజున అవతల ఉన్న పది మైళ్ల ప్రభుత్వ దారీ అందకుండా పోతుంది.

ఆన్ఎక్స్ ఆఫ్‌రోడ్, గాయా జీపీఎస్ లాంటి యాప్‌లలో భూమి యాజమాన్యం లేయర్ ఆన్ చేసి చూడండి. సాధారణంగా బీఎల్ఎం పసుపు, ఫారెస్టు ఆకుపచ్చ, రాష్ట్ర భూమి నీలం, ప్రైవేటు తెలుపు. ప్రైవేటు ముక్క తగిలితే కౌంటీ అసెసర్ (ఆస్తి పన్ను లెక్కగట్టే అధికారి) పార్సెల్ మ్యాపులో సరిచూసుకోవాలి. ఆ తర్వాత రేంజర్ డిస్ట్రిక్ట్ ఆఫీసుకో, బీఎల్ఎం ఫీల్డ్ ఆఫీసుకో ఫోన్ చేసి రిక్రియేషన్ వ్యవహారాలు చూసేవారిని అడగండి. మూడే ప్రశ్నలు: ఈ దారి అధికారిక నంబరు ఏమిటి, దీని నిర్వహణ ఎవరిది, ఈ ప్రాంతానికి ట్రావెల్ ప్లాన్ (ఏ దారులు తెరిచి ఉంచాలో, ఏవి మూయాలో తేల్చే ప్రణాళిక) ఏదైనా నడుస్తోందా. మూడో ప్రశ్నకు అవును అని జవాబొస్తే మిగతా పనులన్నీ పక్కన పెట్టి దాని మీదే కూర్చోండి.

టెక్సాస్‌లో ఫెడరల్ భూమి చాలా తక్కువ. అలాగని డల్లాస్‌వాళ్లకు ఇందులో పాత్ర లేదనుకోనక్కర్లేదు. యూటా దారి మీద కామెంటు పెట్టడానికి యూటాలో ఉండాలన్న నియమం లేదు. ఏడాదికోసారి సెలవులకు వెళ్లి తిరిగొచ్చినవారి మాట కూడా రికార్డులోకి ఎక్కుతుంది.

నక్షాలో లేని దారి దారి కాదు

మన ఊళ్లలో డొంక సంగతి తెలిసినవారికి ఇది ఇట్టే అర్థమవుతుంది. తాతల నాటి నుంచి బండ్లు తిరిగిన డొంకనైనా పక్క పొలం రైతు దున్నేసుకుంటే, ఊరి నక్షాలో అది ఉందా లేదా అన్నదే మొదటి ప్రశ్న. నక్షాలో ఉంటే పోరాడే జాగా ఉంటుంది. ఫారెస్ట్ సర్వీసు దారుల విషయంలో ఆ నక్షా పేరు మోటార్ వెహికల్ యూజ్ మ్యాప్, అంటే ఎంవీయూఎం.

2005కు ముందు చాలా ఫారెస్టుల్లో మూసేశామని బోర్డు లేని చోటల్లా బండి తిప్పుకోవచ్చన్నట్టే ఉండేది. ఆ ఏడాది వచ్చిన ట్రావెల్ మేనేజ్‌మెంట్ రూల్ దాన్ని తలకిందులు చేసింది. ఏ దారి, ఏ రకం బండికి, ఏ నెలల్లో తెరిచి ఉంటుందో మ్యాపులో చూపాలి; చూపనిదంతా మోటారు బండ్లకు మూసినట్టే. నేల మీద బోర్డు లేదన్న వాదన చెల్లదు. మ్యాపు చూసుకోవాల్సిన బాధ్యత నడిపేవారిదే, తప్పితే ఫెడరల్ టికెట్. చట్టం ప్రకారం 5,000 డాలర్ల వరకు జరిమానా, ఆరు నెలల వరకు జైలు పడవచ్చు.

ఈ మ్యాపు ఉచితం. నలుపు తెలుపుల్లో ఉంటుంది, కొండ ఎత్తుపల్లాలు కనిపించవు, చూడ్డానికి ముచ్చటగా ఉండదు. పీడీఎఫ్‌ను అవెంజా యాప్‌లో వేసుకుంటే సిగ్నల్ లేని చోట కూడా మీరెక్కడున్నారో చుక్కగా చూపిస్తుంది. చదివేటప్పుడు మూడు చోట్ల పొరబడతారు. మొదటిది గీత రకం: హైవే రిజిస్ట్రేషన్ ఉన్న బండ్లకే అన్న గీత వేరు, అన్ని బండ్లకూ అన్నది వేరు, 50 అంగుళాల వెడల్పు లోపు బండ్లకే అన్నది వేరు. యాభై అంగుళాల దారిలో జీపు దూరితే మొక్కలు విరుగుతాయి, గట్టు కూలుతుంది, ఆ ఫొటోయే రేపు మూసివేతకు సాక్ష్యమవుతుంది. రెండోది సీజన్ పట్టిక: గీత పక్కన చిన్న గుర్తు ఉంటే మ్యాపు వెనకో అంచునో ఉన్న పట్టికలో తేదీలు వెతకాలి. మూడోది క్యాంపింగ్: దారి నుంచి ఎంత దూరం బండి పక్కకు దించవచ్చో ఫారెస్టు ఫారెస్టుకూ మారుతుంది. ఒక చోట చెల్లింది కదా అని ఇంకో చోట దించకండి.

బీఎల్ఎం నేలల్లో ఓపెన్, లిమిటెడ్, క్లోజ్డ్ అని మూడు వర్గాలు. ఎక్కువ చోట్ల మీకు తగిలేది లిమిటెడ్, అంటే గుర్తించిన దారుల్లోనే తిరగాలి.

అసలు ఎందుకు మూస్తారు

‘పర్యావరణం వాళ్లు కేసు వేశారు’ అనే మాట క్లబ్బుల్లో ఎక్కువగా వినిపిస్తుంది. అది సగం నిజమే. 1972లో అధ్యక్షుడు నిక్సన్ ఇచ్చిన 11644వ ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ ప్రకారం దారులు గుర్తించేటప్పుడు నేలకు, నీటి వనరులకు, మొక్కలకు నష్టం, వన్యప్రాణులకు ఇబ్బంది, ఇతర వాడకందార్లతో గొడవలు తక్కువయ్యేలా చూడాలి. ఆ కొలతలే ఏజెన్సీల నియమాల్లోకి వెళ్లాయి. కేసులు గెలిచేది ఎక్కువగా ఇక్కడే: ఏజెన్సీ ఒక్కో దారికి ఈ కొలతలు ఎలా పాటించిందో రాసి పెట్టకపోతే ప్లాను కోర్టులో నిలవదు. యూటాలో పాత ప్లాన్ల మీద నడిచిన వ్యాజ్యం 2017లో రాజీతో ముగిసి, ప్రాంతాల వారీగా ప్లాన్లు మళ్లీ చేయాల్సి వచ్చింది. అందులో భాగంగా 2023 సెప్టెంబరులో మోయాబ్ దగ్గరి లాబ్రింత్ రిమ్స్–జెమినీ బ్రిడ్జెస్ ప్రాంతంలో 1,100 మైళ్లకు పైగా ఉన్న దారుల్లో 317 మైళ్లు మోటారు బండ్లకు మూశారు. దాని మీద అప్పీళ్లు, కేసులు నడిచాయి. అయితే ఒక్కో దారికీ ఒక్కో నివేదిక తయారైన ప్రక్రియలో ‘మోయాబ్‌ను మూయకండి’ అని రాసిన వెయ్యి ఉత్తరాల కన్నా, ఒక నంబరున్న దారి గురించి రాసిన ఒక పేజీ బరువెక్కువ.

మిగతా సగం మన చేతుల్లోదే. కాలిఫోర్నియాలోని రూబికాన్ ట్రైల్ సుమారు 22 మైళ్లు, జీపులవాళ్లకు తీర్థయాత్ర లాంటిది. 2009లో అక్కడి ప్రాంతీయ నీటి నాణ్యతా బోర్డు దాని మీద క్లీనప్ ఆర్డరు జారీ చేసింది. కారణాలు వాగుల్లోకి కొట్టుకుపోతున్న మట్టి, బండ్ల నుంచి కారిన నూనె, మనుషుల మలం. ఆ దారి నిలిచిందంటే ఎల్‌డొరాడో కౌంటీ, రూబికాన్ ట్రైల్ ఫౌండేషన్ లాంటి సంస్థలు, వందలాది వాలంటీర్లు కలిసి వంతెనలు, నీటి కాలువలు, మరుగుదొడ్ల పని చేయబట్టే. అక్కడికి వెళ్లే ప్రతి బండిలో నూనె పీల్చే ప్యాడ్లున్న స్పిల్ కిట్, మలం ప్యాక్ చేసి తెచ్చే వాగ్ బ్యాగులు తప్పనిసరిగా ఉండాలి. వేరే ట్రైల్‌కైనా పెట్టుకోండి. కిట్‌లో పది పదిహేను ప్యాడ్లు, రెండు దళసరి చెత్త సంచులు, చేతి తొడుగులు, రాయి తగిలి ఆయిల్ పాన్ పగిలితే అతికించే ఎపాక్సీ పుట్టీ ఉంటే చాలు.

టైర్ల గాలి సంగతి కూడా ఇందులోదే. హైవే మీద 35–38 పీఎస్ఐ ఉండే టైరును రాళ్ల దారిలో 18–20కి, ఇసుకలో 15 దరిదాపులకు దించితే చక్రం జారి నేలను తవ్వదు. గట్టి టైరు గిర్రున తిరిగిన ప్రతిచోటా చిన్న గుంత పడుతుంది, వానకు అది కాలువవుతుంది, వెనకొచ్చేవారు దాన్ని తప్పించి పక్కనుంచి పోతారు. నెల తిరిగేసరికి ఒక దారి మూడు పాయలవుతుంది. చక్రం మూడు అంగుళాలకు మించి బురదలో దిగుతుంటే ఆ రోజు వెనక్కి తిరగడమే ఆ దారికి మేలు. యూటా, అరిజోనా ఎడారుల్లో నేల మీద నల్లగా, గరుకుగా కనిపించేది ప్రాణమున్న పొర. ఒక్కసారి చక్రం ఎక్కితే తిరిగి కోలుకోవడానికి దశాబ్దాలు పడుతుంది.

ఆధారం ముందే పోగేసుకోండి

నోటీసు వచ్చాక 30 రోజుల్లో అన్నీ సేకరించడం ఒక మనిషి వల్ల కాదు, ముఖ్యంగా దారి మంచు కింద ఉన్నప్పుడు. నోటీసులేమీ లేని రోజుల్లోనే, షికారుకు వెళ్లినప్పుడే ఈ పని చేసుకోవాలి.

ఒక్కో దారికి స్ప్రెడ్‌షీట్‌లో ఒక వరుస. అధికారిక నంబరు, స్థానికులు పిలిచే పేరు, మొదలు, చివర ఎక్కడో దశాంశ డిగ్రీల్లో, పొడవు, వెడల్పు, ఏ బండి పడుతుంది, తేదీ. ఆ తర్వాతది అతి ముఖ్యమైన గడి: ఈ దారి దేనికి పనికొస్తుంది. మామూలుగా అందరూ ‘రిక్రియేషన్’ అని రాసి వదిలేస్తారు. అది రాసినా రాయనట్టే. ‘చివర కొండ అంచున నాలుగు బండ్లు పట్టే క్యాంపు చోటు ఉంది’, ‘రెండు పెద్ద దారులను కలిపి 14 మైళ్ల చుట్టు దారి అవుతుంది, ఇది లేకపోతే రెండూ ఎక్కడివక్కడ ఆగిపోతాయి’, ‘నడవలేని పెద్దవాళ్లను లోయ చూడ్డానికి తీసుకెళ్లగలిగేది దీని మీదే’ అని రాయాలి. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలను కాలినడకన ఐదు మైళ్లు నడిపించలేని కుటుంబాలకు చివరి కారణం ఎంత సొంతమో చెప్పనక్కర్లేదు. అది నిజమైతే మొహమాటం లేకుండా రాయండి.

ట్రాక్‌ను జీపీఎక్స్ ఫైలుగా సేవ్ చేయండి. రికార్డింగు మొదలుపెట్టేది దారి మొదట్లో, ఆపేది దారి చివర. ఇంటి దగ్గర నుంచీ ఆన్ చేసి ఉంచితే తర్వాత కత్తిరించడానికే ఒక పూట పడుతుంది. ఫోన్ కెమెరాలో లొకేషన్ ఆన్‌లో ఉందో లేదో బయల్దేరేముందు చూసుకోండి. దారి మొదలు, ప్రతి కూడలి, ప్రతి వాగు దాటే చోటు, పాడైన చోట్లు, చివరి చోటు ఫొటోలు తీయాలి. కూడలి దగ్గర నాలుగు వైపులా తీయండి. ఏ కొమ్మ ఎటు పోతుందో ఇంటికెళ్లాక గుర్తుండదు. వాట్సాప్‌లో పంపుకుంటే ఫొటోలోని లొకేషన్, తేదీ వివరాలు పోతాయి, కాబట్టి అసలు ఫైళ్లనే డ్రైవ్‌లో పెట్టాలి.

చెడ్డ ఫొటోలు కూడా తీయాలా అని కొందరు జంకుతారు. తీయాలి. పాడైన చోటు అధికారికి ఎలాగూ తెలుసు. ‘ఇక్కడ 40 అడుగుల మేర నీరు నిలుస్తోంది, కాలువ తీస్తే సరిపోతుంది, మా క్లబ్బు ఆ పని చేస్తుంది’ అని మీరే ముందు చెబితే మూయడం కాకుండా ఇంకో దారి చూపినవారవుతారు. దాచిపెట్టినవారి మాట మీద నమ్మకం పోతుంది. ఒక్క జాగ్రత్త: గిరిజన తెగల పాత రాతి చిత్రాలు, కుండ పెంకులు కనిపిస్తే వాటి లొకేషన్ ఎక్కడా పెట్టకండి, ఆఫీసుకు మాత్రం చెప్పండి.

నోటీసు మీ దగ్గరికి రాదు, మీరే వెతకాలి

ఫారెస్ట్ సర్వీసు ప్రతి ఫారెస్టుకూ మూడు నెలలకోసారి షెడ్యూల్ ఆఫ్ ప్రపోజ్డ్ యాక్షన్స్ అనే జాబితా పెడుతుంది, అందరూ సోపా అంటారు. బీఎల్ఎం ప్రాజెక్టులు ఈప్లానింగ్ అనే సైటులో ఉంటాయి. మీరు తరచూ తిరిగే రెండు మూడు ప్రాంతాలు ఎంచుకుని, మూడు నెలలకోసారి చూసుకునేలా క్యాలెండర్‌లో రిమైండర్ పెట్టండి. మెయిలింగ్ లిస్టులో పేరు చేర్చమని రేంజర్ ఆఫీసుకు ఒక ఈమెయిల్ పంపితే చాలు. పేర్లు చూసి మోసపోవద్దు: ట్రావెల్ ప్లాన్ అని ఉంటేనే దారుల గొడవ అనుకుంటే పొరపాటు. వాటర్‌షెడ్ రిస్టోరేషన్, ఫైర్ రికవరీ అన్న పేర్ల కింద కూడా ‘అనవసరమైన రోడ్ల తొలగింపు’ అని ఒక పేరా దాగి ఉండవచ్చు. పత్రం తెరిచి ‘రూట్’, ‘డీకమిషన్’ (దారిని తొలగించడం), ‘ఓహెచ్‌వీ’ (ఆఫ్ హైవే బండి) అన్న ఇంగ్లీషు మాటలు వెతికితే రెండు నిమిషాల్లో తేలిపోతుంది.

ఈ ప్రాజెక్టులు 1970 నాటి జాతీయ పర్యావరణ విధాన చట్టం, అంటే నెపా కింద నడుస్తాయి. చిన్నవాటికి ఎన్విరాన్‌మెంటల్ అసెస్‌మెంట్, పెద్దవాటికి ఇంపాక్ట్ స్టేట్‌మెంట్. 2025లో ఈ ప్రక్రియ నియమాలు బాగా మారాయి. పాత గైడ్లలో ఉన్న రోజుల లెక్కలు నమ్ముకోకుండా, నోటీసులో వేసిన తేదీనే పట్టుకోండి. గంట కూడా చూడండి, ఏ టైమ్ జోన్‌లో అన్నది కూడా. కొత్త ప్రతిపాదన మొదటిసారి బయటికొచ్చినప్పుడే మాట్లాడటం మేలు. అప్పటికి గీతలు పెన్సిల్‌తోనే ఉంటాయి.

కామెంటు రాయడం

ఇది ఓట్ల లెక్క కాదు. ఒకే ఫారం లెటర్ 5,000 మంది పంపినా, అందులో ఉన్న అంశాన్ని ఒక్క అంశంగానే చూసి జవాబిస్తారు. దారి నంబరు, వాస్తవం, సవరణ ఉన్న కామెంటును మాత్రం ఏజెన్సీ పక్కన పెట్టేయడం కష్టం. కామెంటు ఇంగ్లీషులో ఇవ్వాలి. భాష గొప్పగా ఉండనక్కర్లేదు, వివరం ఉంటే చాలు. ఒక ఊహా దారి మీద నమూనా ఇది:

‘ప్రాజెక్టు పేరు, నంబరు. దారి 1234బి. ప్రతిపాదిత ప్రత్యామ్నాయం సి ప్రకారం దీన్ని మూస్తున్నారు. మీ పత్రం దీన్ని వాడకం లేని సమాంతర దారి అంటోంది. మేము జూన్ 14న నడిపిన ట్రాక్ జతచేశాం. ఇది 1234కి సమాంతరం కాదు; 1.2 మైళ్ల దగ్గర విడిపోయి ఉత్తరపు అంచున ఉన్న క్యాంపు చోటుకు వెళ్తుంది. అక్కడికి వేరే మోటారు దారి లేదు. 0.8 మైలు దగ్గర వాగు దాటేచోట గట్టు కోసుకుపోతున్న మాట నిజమే, ఫొటో 6 చూడండి. మూయడానికి బదులు అక్కడ దాటే చోటును రాళ్లతో గట్టిచేసి, మార్చి 1 నుంచి మే 15 వరకు సీజన్ మూసివేత పెట్టమని కోరుతున్నాం. ఈ ప్రత్యామ్నాయాన్ని విశ్లేషణలో చేర్చండి.’

ఇందులో తిట్లు లేవు, ‘మా పన్నులతో’ అన్న మాట లేదు. పత్రంలోని తప్పు ఎక్కడో చూపించారు, ఆధారం పెట్టారు, నష్టాన్ని ఒప్పుకున్నారు, పరిష్కారం చెప్పారు. చివరి వాక్యం చాలా ముఖ్యం. రికార్డులో సహేతుకమైన ప్రత్యామ్నాయం ఉండి, దాన్ని పట్టించుకోకుండా వదిలేశారంటే తర్వాతి దశలో పట్టు దొరికేది అక్కడే. సీజన్ తేదీలు, బండి వెడల్పు పరిమితి, ఒకవైపు ప్రయాణం, దారిని పది గజాలు పక్కకు మళ్లించడం, ఇవన్నీ మూయడానికీ తెరవడానికీ మధ్యనున్న మెట్లు. అన్నిటికీ ‘వద్దు’ అనేవారి కన్నా, ఏ మెట్టు దగ్గర ఆగాలో చెప్పేవారి మాటకే ఆఫీసులో విలువ.

పూర్తి పేరు, చిరునామా ఇవ్వాలి. అవి పబ్లిక్ రికార్డులోకి వెళ్లవచ్చని గుర్తుంచుకోండి. పంపాక వచ్చిన నిర్ధారణ మెయిల్‌ను పీడీఎఫ్‌గా దాచుకోండి. ఎందుకంటే ఫారెస్ట్ సర్వీసులో డ్రాఫ్ట్ నిర్ణయం మీద అభ్యంతరం దాఖలు చేసే హక్కు సాధారణంగా అంతకుముందు గడువులోగా నిర్దిష్టమైన కామెంటు పెట్టినవారికే ఉంటుంది. మధ్యలో కొత్త సమాచారం వస్తే తప్ప, అప్పుడు లేవనెత్తిన అంశాలనే ఇప్పుడు లేవనెత్తగలరు. బీఎల్ఎం ట్రావెల్ ప్లాన్ నిర్ణయంపై అప్పీలు ఇంటీరియర్ శాఖ ల్యాండ్ అప్పీల్స్ బోర్డుకు వెళ్తుంది, గడువు సాధారణంగా 30 రోజులు. ఆ దశకు వచ్చాక ఒంటరిగా వెళ్లొద్దు. 1987 నుంచి ఉన్న బ్లూరిబ్బన్ కోయలిషన్, కాలిఫోర్నియాలో కాల్‌ఫోర్‌వీల్, కోర్వా లాంటి సంస్థలకు ఇందులో అనుభవం ఉంది. మీ ఫైలును వాళ్ల చేతిలో పెడితే అదే పెద్ద సాయం.

కౌంటీ కమిషనర్ల సమావేశాన్ని తేలిగ్గా తీసుకోకండి. కౌంటీ తన రోడ్డని చెప్పుకునే దారికి లెక్క వేరు. 1866 నాటి గనుల చట్టం కింద ప్రభుత్వ భూమి మీద పడ్డ బాటలకు హక్కు దొరికేది. 1976లో ఆ సెక్షన్ రద్దయింది, అప్పటికి ఉన్న హక్కులు మాత్రం మిగిలాయి. దాన్నే ఆర్ఎస్ 2477 అంటారు. యూటా రాష్ట్రం ఏళ్ల తరబడి దీని మీదే కోర్టుల్లో ఉంది. వ్యక్తిగా మీరు ఆ వాదన చేయలేరు, చేయాల్సింది కౌంటీయో రాష్ట్రమో. 1976కు ముందు నాటి మ్యాపులు, ఏరియల్ ఫొటోలు దొరికితే కౌంటీ రోడ్డు విభాగానికి ఇవ్వండి.

పార పట్టే రోజు

అనుమతి లేకుండా ఫెడరల్ భూమిలో ఒక్క కాలువ కూడా తీయకండి. మంచి ఉద్దేశంతో తవ్విన గుంత కూడా నేరమే అవుతుంది, కింద పురావస్తువులు ఉండవచ్చు కూడా. క్లబ్బు ద్వారా ట్రైల్ దత్తత తీసుకోవడమో, ఆఫీసు పెట్టే వర్క్ డేకి వెళ్లడమో సరైన పద్ధతి. వాలంటీర్ ఒప్పందం మీద సంతకం చేశాకే పని. ఆ సంతకం ఉంటేనే పనిలో దెబ్బ తగిలినప్పుడు ఫెడరల్ పరిహార రక్షణ ఉంటుంది. రంపం మెషీన్ పట్టాలంటే ఫారెస్టులో సర్టిఫికెట్ ఉండాలి. ఇంట్లో చెట్లు కొట్టిన అనుభవం లెక్కలోకి రాదు. వెళ్లేవారికి హెల్మెట్, కళ్లద్దాలు, తొడుగులు, చీలమండ దాటే బూట్లు, మనిషికి కనీసం నాలుగు లీటర్ల నీళ్లు.

పనిలో ఎక్కువ భాగం నీళ్లను దారి మీద నుంచి దించడమే. దారిని చంపేది చక్రం కన్నా నీరే. వాలు దారి మీద పడ్డ వాన చక్రాల గాడిలోనే పరుగెత్తుతుంది, పోయేకొద్దీ వేగం పెరిగి గాడిని లోతు చేస్తుంది. కాలినడక బాటల్లో దుంగతో అడ్డంగా వేసే వాటర్ బార్ జీపు దారిలో ఎక్కువ కాలం నిలవదు, చక్రాలు తొక్కి చదును చేసేస్తాయి. అందుకని రోలింగ్ డిప్ వేస్తారు: దారిలో మెల్లగా దిగే పల్లం, దాని కింది వైపు గట్టిగా తొక్కిన మట్టి దిబ్బ. బండి దాని మీద ఊగినట్టు వెళ్తుంది, నీరు పల్లంలో ఆగి పక్కకు దిగుతుంది.

కొత్తది కట్టడం మెషీన్ పని. వాలంటీర్లు చేసేది ఉన్నదాని నోరు తెరవడం. పల్లం బయటికి తెరుచుకునే చోట ఒండ్రు పేరుకుని గట్టు కట్టేస్తుంది, నీరు పోయే దారి లేక దిబ్బను దాటి మళ్లీ గాడిలో పడుతుంది. మెక్‌లాడ్, అంటే ఒకవైపు రేక్ పళ్లు, ఇంకోవైపు వెడల్పాటి అంచు ఉన్న పనిముట్టు, దాంతో ఆ ఒండ్రును లోపలికి లాగండి. లాగిన మట్టిని దిబ్బ మీద వేసి తొక్కండి. కింది వైపు విసిరితే మొదటి వానకే వాగులో తేలుతుంది. నోరు లోపలి కన్నా బయట వెడల్పుగా ఉండాలి, అప్పుడే నీరు పలచబడి ఆకుల్లోకి ఇంకుతుంది. ఇరుకుగా కోస్తే అదే కొత్త కాలువ అవుతుంది. బయటి వైపు వాలు ఐదు శాతం దాకా ఉంటే సరిపోతుంది. అయిందో లేదో చూడాలంటే డబ్బాడు నీళ్లు పల్లం పైన పోయండి. ఎక్కడా ఆగకుండా బయటికి జారితే పని అయినట్టు. మధ్యలో మడుగు కడితే ఇంకా తీయాలి.

పక్కదారులు మూయడం కూడా మన పనే, అది తెరిచి ఉన్న దారికి పెట్టే బీమా. రెండు బండరాళ్లు దొర్లించి వదిలేస్తే వారంలో ఎవరో వించ్‌తో లాగేస్తారు. రాతిలో మూడో వంతు భూమిలో దిగేలా పాతాలి. ఆపై కళ్లకు కనిపించినంత మేర చక్రాల జాడ రేక్‌తో చెరిపి, ఎండిన పొదలను నిలువుగా గుంతల్లో పాతండి. వర్టికల్ మల్చింగ్ అంటారు దీన్ని. పడుకోబెట్టిన కొమ్మలు చెత్తలా కనిపిస్తాయి, నిలబెట్టినవి పెరిగిన మొక్కల్లా కనిపిస్తాయి. దారి ఉందని కంటికి తోచకపోతే ఎవరూ బండి తిప్పరు. బోర్డు కన్నా ఇదే గట్టిగా పనిచేస్తుంది.

వీసా మీద ఉన్నవారికి

నెపా కామెంటు పెట్టడానికి పౌరసత్వం అక్కర్లేదు. హెచ్‌1బీ, హెచ్‌4, ఎఫ్‌1 ఎవరైనా పెట్టవచ్చు, సమావేశంలో మాట్లాడవచ్చు, కాంగ్రెస్ సభ్యుల ఆఫీసుకు రాయవచ్చు. వాలంటీర్ పనికి మాత్రం సంతకానికి ముందే కోఆర్డినేటర్‌కు మీ వీసా రకం చెప్పి సరేనా అని అడగండి. పని అనుమతి లేనివారు స్టయిపెండ్, గిఫ్ట్ కార్డు లాంటి ప్రతిఫలం ఏదీ పుచ్చుకోవద్దు. క్లబ్బు సభ్యత్వ రుసుము కట్టడం వేరు, ఎన్నికల చందా వేరు. గ్రీన్ కార్డు కూడా లేనివారు అమెరికా ఎన్నికల్లో అభ్యర్థులకు గానీ, సంస్థల పొలిటికల్ యాక్షన్ కమిటీలకు గానీ చందా ఇవ్వడం ఫెడరల్ చట్టం ప్రకారం నిషేధం. చెక్కు రాసేముందు అది ఏ ఖాతాకు పోతోందో చూడండి.

డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది

ఆఫ్‌రోడ్‌లో కాలే పెట్రోలు మీద పన్నులో కొంత రిక్రియేషనల్ ట్రైల్స్ ప్రోగ్రామ్ ద్వారా రాష్ట్రాలకు వెళ్తుంది. అందులో 30 శాతం మోటారు దారులకు, 30 శాతం మోటారు లేనివాటికి, 40 శాతం రకరకాల వాడకాలు కలిసిన దారులకు. కాలిఫోర్నియా లాంటి చోట్ల ఓహెచ్‌వీ నిధి వేరే ఉంది. ఈ గ్రాంట్లకు స్థానిక వాటా చూపమంటారు. దాన్ని నగదుగా కాకపోయినా వాలంటీర్ గంటలుగా చూపవచ్చు, గంటకు ఇంత విలువని లెక్కగడతారు. ఇరవై మంది ఎనిమిది గంటలు పనిచేస్తే 160 గంటలు. కానీ పని ముగిశాక అందరూ ఆకలితో బండ్లెక్కి వెళ్లిపోతారు, షీటు ఖాళీగా మిగిలిపోతుంది, ఆ 160 గంటలు ఏ గ్రాంటులోనూ కనబడవు. కాబట్టి సంతకాల షీటు పొద్దున పనిముట్లు పంచే చోటే పెట్టండి. పేరు, వచ్చిన వేళ, వెళ్లిన వేళ, ఇంటి నుంచి నడిపిన మైళ్లు, తెచ్చిన సొంత పనిముట్లు రాయించండి. సాయంత్రం పారలు వెనక్కి తీసుకునేటప్పుడు ‘వెళ్లిన వేళ’ గడి నింపాకే ఒక్కొక్కరిని పంపండి, షీటు ఫొటో తీసి అదే రోజు ఆఫీసుకు మెయిల్ చేయండి.